పేర్లు బోలెడు, చేతులు పది

(పదిమంది కలిసి చేసే కళాప్రాజెక్టులకు వాలంటీర్లను కూడగట్టడంలో వచ్చే చిక్కుల గురించి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టినది.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక మాట. ముందు వరుసల్లో కూర్చున్నవారి ముఖాల్లో కాస్త అనుమానం కనిపిస్తోంది. వాలంటీర్ల గురించి మాట్లాడటానికి వచ్చిన మనిషి కదా, చివర్లో ఒక కాగితం తిప్పి పేర్లు రాయమంటారేమో, మొహమాటానికి రాయాల్సి వస్తుందేమో అని. తిప్పను. నన్ను నమ్మండి, కాగితం తిప్పను. కాగితం తిప్పితే ఏమవుతుందో తెలుసుకోవడానికి నాకు ఒక గోడ, నలభై కుంచెలు, ఒక ఏడాది కోపం ఖర్చయ్యాయి.

ఆ గోడ సంగతే ముందు చెబుతాను. పొడుగాటి గోడ. దాని మీద అందరూ కలిసి ఒక బొమ్మ వేయాలి. చిత్రకారులం ఇద్దరమే ఉన్నాం, మిగతా పనంతా వాలంటీర్లతో చేయించాలని సంకల్పం. సభ పెట్టాం. వచ్చినవాళ్లందరూ ఉత్సాహంగా ఉన్నారు. ప్రశ్నలు అడిగారు, సలహాలు ఇచ్చారు, ఒకాయన లేచి చక్కగా మాట్లాడారు కూడా. ఆ వేడి మీద నోటుపుస్తకం తిప్పాం. నూట ముప్పై పైచిలుకు పేర్లు వచ్చాయి. నూట ముప్పై! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో తెలుసా? ఇంతమందికి కుంచెలు ఎక్కడ సరిపోతాయని బెంగ. మర్నాడు వెళ్లి ఇంకో నలభై కుంచెలు కొనుక్కొచ్చాం.

పని మొదలైన రోజు పదకొండు మంది వచ్చారు. రెండో వారం ఏడుగురు. మూడో వారానికి ఐదుగురం మిగిలాం. పుస్తకంలో పేర్లు బోలెడు, గోడ దగ్గర చేతులు పది. ఆ నలభై కుంచెల్లో సగానికి ఇప్పటికీ కట్ట విప్పలేదు, మా ఇంట్లో అటక మీద ఉన్నాయి.

అప్పుడు నేనేమన్నానో ఊహించండి. అందరూ అనేదే అన్నాను. జనానికి శ్రద్ధ లేదు. మాటలు తప్ప చేతలు లేవు. కళ అంటే ఎవరికి పట్టింది? ఇలా ఒక ఏడాది పాటు దొరికిన ప్రతి మనిషి దగ్గరా వాపోయాను. వాపోవడంలో ఒక సుఖం ఉంది, మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

తర్వాత ఒకరోజు ఆ నోటుపుస్తకం మళ్లీ చేతికి దొరికింది. వరుసగా ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. ఎందుకు రాలేదని అడగలేదు. అలా అడిగితే మనిషి సంజాయిషీ చెప్పుకుంటాడు. జ్వరం, బంధువులు, ఆఫీసు పని. అవి విని మనం చేసేదేమీ ఉండదు. నేను ఇంకోటి అడిగాను. "వస్తే మీరు ఏం చేయాల్సి ఉంటుందని అనుకున్నారు?" అంతే. ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులు నన్ను కుర్చీలో కూర్చోబెట్టాయి.

చాలామంది, "నాకు బొమ్మలు వేయడం రాదు కదండీ, వచ్చి ఏం చేస్తాను?" అన్నారు. మరి పేరెందుకు రాశారు? పక్కాయన రాశారు కాబట్టి. ఇంకొందరు, "అంతమంది ఉన్నారు కదా, నేనొక్కణ్ని రాకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను" అన్నారు. ఒకావిడ చెప్పిన మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "నేను వచ్చానండీ. అరగంట నిలబడ్డాను. అందరూ పనిలో ఉన్నారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. అడ్డంగా ఉన్నానేమో అనిపించి వెళ్లిపోయాను."

వచ్చారు. నిలబడ్డారు. వెళ్లిపోయారు. నేను అక్కడే, పరంజా మీద, వెనక్కి తిరగకుండా రంగు వేసుకుంటూ ఉన్నాను.

ఆ రోజు నుంచి నా అభిప్రాయం మారింది. మనుషులు దొరకడం లేదని మనం అంటున్నప్పుడు, చాలాసార్లు మనుషులు ఉన్నారు. వాళ్ల చేతికి ఇవ్వదగ్గ పని లేదు. పనిని మనం మన కోసం ఊహించుకున్నాం, వచ్చేవాళ్ల కోసం తయారు చేయలేదు. ఇందాక నేను చెప్పిన మూడు జవాబులనే పట్టుకుని మాట్లాడతాను. వరుస తప్పితే క్షమించండి, తప్పుతుంది కూడా.

అంతమంది ఉన్నారు కదా

ఈ మాట సోమరితనంలా వినిపిస్తుంది. కాదు. 1968లో జాన్ డార్లీ, బిబ్ లతానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు న్యూయార్కులో ఒక ప్రయోగం అచ్చు వేశారు. విద్యార్థులను ఒక్కొక్కరినీ ఒక్కో గదిలో కూర్చోబెట్టి, మైకుల ద్వారా మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు గొంతు వినిపిస్తుంది. అది ముందే రికార్డు చేసిన గొంతు, వినేవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఆ గొంతు విన్నది తానొక్కడే అనుకున్నవాళ్లలో నూటికి 85 మంది, ఆ మూర్ఛ ఆగేలోపే లేచి సాయానికి వెళ్లారు. తనతో పాటు ఇంకో నలుగురు వింటున్నారని అనుకున్నవాళ్లలో అలా వెళ్లింది నూటికి 31 మంది. వెళ్లనివాళ్లు రాతిగుండె మనుషులా? కాదు. వాళ్ల చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమట పట్టాయి. ఆదుర్దా ఉంది. లేనిది ఒక్కటే, "ఇది నా మీద పడ్డ పని" అన్న ఎరుక.

ప్రాణం మీదికి వచ్చిన చోటే ఇంత తేడా ఉంటే, గోడకు రంగు వేసే చోట ఎంత ఉండాలి చెప్పండి? నూట ముప్పై పేర్లున్న పుస్తకాన్ని నేను గర్వంగా అందరికీ చూపించాను. చూసిన ప్రతివారికీ నేను చెప్పకుండానే చెప్పింది ఏమిటంటే, మీరు రాకపోయినా ఫరవాలేదని. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత ఊరికే రాలేదు.

అందుకని ఇప్పుడు నేను "అందరూ రండి" అని పిలవడం మానేశాను. ఒక్కొక్కరినీ అడుగుతాను. ఎలా అడుగుతాను? "మీరు ముడులు గట్టిగా వేస్తారని విన్నాను. శనివారం పది నుంచి పన్నెండు వరకు పరంజా కడుతున్నాం. తాళ్ల దగ్గర మీరు ఉండగలరా?" ఇందులో ఎన్ని ఉన్నాయో చూడండి. మనిషి ఉన్నారు, రోజు ఉంది, ఎప్పుడు ఇంటికి వెళ్లవచ్చో ఉంది, ఫలానా మనిషినే ఎందుకు అడుగుతున్నామో ఉంది. ఇలా అడిగితే చాలామంది సరేనంటారు. కొంతమంది రాలేనంటారు. రాలేనని తేల్చి చెప్పినవాళ్లకు నేను దండం పెడతాను. "చూస్తానండీ" అన్నవాళ్లతోనే తంటా. చూస్తానన్న మాటను నేనిప్పుడు రాననే రాసుకుంటాను. వస్తే సంతోషం.

ఇది శ్రమతో కూడిన పని, ఒప్పుకుంటాను. ఒక్కొక్కరితో మాట్లాడాలంటే రోజులు పడుతుంది. అమెరికాలో సుజాన్ లేసీ అనే కళాకారిణి 1987లో మినియాపొలిస్‌లో ‘క్రిస్టల్ క్విల్ట్’ అని ఒక ప్రదర్శన చేశారు. అరవై దాటిన 430 మంది స్త్రీలు బల్లల చుట్టూ కూర్చుని, ముసలితనం గురించి, తమ బతుకుల గురించి మాట్లాడుకుంటారు. వాళ్ల చేతుల కదలికలతో, బల్లల మీది గుడ్డల రంగులతో పైనుంచి చూస్తే ఒక బొంత కనిపిస్తుంది. ప్రదర్శన జరిగింది ఒక గంట. దానికి ముందు సన్నాహాలు రెండేళ్లకు పైగా నడిచాయి. ఆ రెండేళ్లూ ఏం చేశారు? ఎక్కువ భాగం మనుషులతో మాట్లాడారు. మనమేమో పోస్టరు అంటించి, వారం ఆగి, జనం రాలేదంటాం. మనుషులను కూడగట్టడం కళకు ముందు తెమల్చుకోవాల్సిన చాకిరీ అనుకుంటాం. లేసీ పనిలో అది కళలో భాగమే.

నాకు బొమ్మలు రావు

ఇక రెండో జవాబు. ఇది నిజానికి మొదటి జవాబు, నేనే ముందువెనకలు చేశాను. "నాకు బొమ్మలు రావు."

ఈ మాట అన్నవాళ్లకు మనం సాధారణంగా ఏం చెబుతాం? "ఫరవాలేదు, అందరిలోనూ కళాకారుడు ఉంటాడు" అంటాం. దయచేసి ఇకనుంచి అలా చెప్పకండి. ఆ మనిషి భయం ఆయనలోని కళాకారుడి గురించి కాదు. నలుగురి మధ్యలో తప్పు గీత గీసి అభాసుపాలు అవుతానేమోనని. ఆ భయం పోవాలంటే పొగడ్త చాలదు. తప్పు జరగడానికి వీలులేని పని కావాలి.

ఆంటొనీ గోర్మ్లీ అనే బ్రిటిష్ శిల్పి ఉన్నారు. 1993లో సెయింట్ హెలెన్స్ అనే ఊరివాళ్లతో కలిసి దాదాపు 40,000 మట్టిబొమ్మలు చేయించారు. సుమారు వందమంది, చిన్నా పెద్దా, కుటుంబాలకు కుటుంబాలు. ఆయన వాళ్లకు చెప్పిందల్లా చాలా కొద్ది. బొమ్మ చేతిలో పట్టేంత ఉండాలి. తనంతట తాను నిలబడాలి. కళ్లు లోతుగా ఉండాలి. అంతే. ఇప్పుడు చెప్పండి, ఇందులో తప్పు చేయడం ఎలా? పిడికెడు మట్టి తీసుకుని నిలబెట్టి, రెండు చిల్లులు పొడిస్తే బొమ్మ అయింది. చేతికో రకంగా వచ్చింది, అదే దాని అందం. 40,000 బొమ్మలు గది నిండా నిలబడి, 40,000 జతల కళ్లతో గుమ్మంలో ఉన్న మనల్ని చూస్తుంటాయి. మరుసటి ఏడు, 1994లో, ఆయనకు బ్రిటన్‌లో కళాకారులకిచ్చే పేరున్న టర్నర్ బహుమతి వచ్చింది. తర్వాత 2003లో చైనాలో సుమారు 350 మందితో ఇదే పని చేస్తే బొమ్మల లెక్క లక్షా తొంభై వేల దాకా పోయింది.

ఆ మూడు నియమాల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఇంకొకటి ఎక్కువ చెప్పి ఉంటే భయం మొదలయ్యేది. ఒకటి తక్కువ చెప్పి ఉంటే అయోమయం మొదలయ్యేది. పూర్తి స్వేచ్ఛ ఇచ్చామని మనం మురిసిపోతాం, కానీ కొత్తగా వచ్చిన మనిషికి ఖాళీ గోడ చూపించి "మీ ఇష్టం" అంటే అది స్వేచ్ఛ కాదండీ, శిక్ష.

ఇంకో ఉదాహరణ చెబుతాను, ఇది మనసు కలచివేసేది. ఎయిడ్స్‌తో చనిపోయినవారి జ్ఞాపకార్థం అమెరికాలో కుట్టిన బొంత. 1985లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఊరేగింపు జరిగినప్పుడు, చనిపోయినవారి పేర్లు అట్టల మీద రాసి ఒక భవనం గోడకు అంటించారు. క్లీవ్ జోన్స్ అనే ఆయనకు ఆ అట్టల గోడ దూరం నుంచి అతుకుల బొంతలా కనిపించింది. అక్కడ పుట్టింది ఆలోచన. నియమం ఒక్కటే. ఒక్కో గుడ్డ మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. ఇంచుమించు ఒక సమాధి అంత. లోపల ఏం ఉండాలన్నది మీ ఇష్టం. కుట్టు వచ్చినవాళ్లు కుట్టారు, రానివాళ్లు రంగుతో రాశారు, జిగురుతో అంటించారు, పోయిన మనిషి చొక్కా కత్తిరించి అతికించారు. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచినప్పుడు 1,920 ముక్కలు ఉన్నాయి. ఇప్పుడు 50,000 దాకా అయ్యాయి, మొత్తం బరువు 54 టన్నులంటారు.

అక్కడ వాలంటీర్లను వెతుక్కోవాల్సిన పని అంతగా లేదు. దుఃఖం అప్పటికే ఉంది, దానికొక కొలత దొరికింది. మన గోడలకు, మన బొంతలకు అంత బలమైన కారణం ప్రతిసారీ ఉండదు. ఆ మాట మనతో మనం నిజాయితీగా చెప్పుకోవాలి. కారణం బలంగా లేనప్పుడు పని మరింత తేలికగా ఉండాలి.

కారణమే లేకపోతే? అదీ జరిగింది. 2002 ఏప్రిల్ 11న పెరూ దేశంలో, లీమా నగర శివార్లలో, ఫ్రాన్సిస్ అలీస్ అనే కళాకారుడు 500 మంది వాలంటీర్లకు తలా ఒక పార ఇచ్చి, ఒక పెద్ద ఇసుక దిబ్బ మీద వరుసగా నిలబెట్టారు. పని ఏమిటో తెలుసా? దిబ్బను జరపడం. ఎంత? పది సెంటీమీటర్లు. జానెడు కూడా కాదు! మర్నాడు గాలి వీస్తే మళ్లీ ఎలాగూ కదిలే ఇసుక అది. ఎండలో 500 మంది ఇసుక తవ్విపోశారు. ఇక్కడ మనకు నీడపట్టున ఉన్న గోడకు పదిమంది రారు. ఎందుకంటారు? నాకు అనిపించేది చెబుతాను. అది ఒక్క రోజు పని. చేతికి పార ఇచ్చారు, చేయడం రాదనడానికి లేదు. పక్కన మనిషి ఉన్నాడు, అవతల పక్కన ఇంకో మనిషి ఉన్నాడు. సాయంత్రం ఇంటికి వెళ్లి "కొండను జరిపొచ్చాను" అని చెప్పుకోవచ్చు. నా గోడ దగ్గరికి వచ్చినవాళ్లు ఇంటికి వెళ్లి ఏం చెప్పుకుంటారు? "అరగంట నిలబడి వచ్చాను" అని.

సరే, మా రెండో గోడ గురించి చెబుతాను. ఈసారి బొమ్మను ముందు కాగితం మీద వేసుకుని, గోడంతా గళ్లు గీశాం. ప్రతి గడికీ నంబరు, ప్రతి రంగు డబ్బాకీ నంబరు. వచ్చిన మనిషికి ఒక చిన్న కాగితం ఇస్తాం. "37వ గడి. ఎడమ సగం 4వ డబ్బా, కుడి సగం 9వ డబ్బా. మధ్య గీత మీద సన్న కుంచె." నలభై నిమిషాల్లో పని అయిపోతుంది. చేతులు కడుక్కుని వెళ్లిపోవచ్చు, మళ్లీ రానక్కరలేదు. ఆ "మళ్లీ రానక్కరలేదు" అన్న మాట మేం గట్టిగా చెప్పేవాళ్లం. చిత్రం చూడండి, అలా చెప్పిన తర్వాతే మళ్లీ రావడం మొదలుపెట్టారు.

ఒక పెద్దాయన ఉండేవారు. మొదటి రోజు "నాకేమీ రాదు, నిచ్చెన పట్టుకుంటాను" అన్నారు. రెండు గంటలు నిచ్చెన పట్టుకున్నారు. రెండో రోజూ నిచ్చెనే. మూడో రోజు కింది వరుసలో ఒక గడి ఖాళీగా ఉంటే, ఆయన దాన్ని అప్పటికి చాలాసేపటి నుంచి చూస్తున్నారని గమనించి, ఏమీ అనకుండా డబ్బా ఆయన పక్కన పెట్టి వెళ్లాను. ఆ గడికి ఆయన గంటన్నర తీసుకున్నారు. ఊపిరి బిగబట్టి, అంచు దాటకుండా. మర్నాడు పొద్దున్నే వచ్చారు. పనికి కాదు, ఆరిందో లేదో చూడటానికి. ఆరాక రంగు కాస్త ముదురుతుంది కదా, "నిన్న ఇలా లేదే" అని కంగారుపడ్డారు. తర్వాత మనవరాలిని తీసుకొచ్చారు, తన గడి చూపించడానికి. ఆ అమ్మాయి పక్క గడి వేసింది. అలా వచ్చినవాళ్లే మాకు ఎక్కువమంది. పోస్టరు చూసి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

దీనికి ఒక శాస్త్రం కూడా ఉంది లెండి. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో ఇంటింటికీ వెళ్లి, మీ ఇంటి ముందు జాగ్రత్తగా బండి నడపమని చెప్పే పెద్ద బోర్డు పెట్టుకుంటారా అని అడిగించారు. వికారంగా ఉండే బోర్డు. నేరుగా అడిగితే నూటికి 17 మంది ఒప్పుకున్నారు. రెండు వారాల ముందు అదే సంగతి మీద అరచేయి కన్నా చిన్న కాగితం అంటించుకోవడానికి ఒప్పుకున్న ఇళ్లలో మాత్రం నూటికి 76 మంది ఆ పెద్ద బోర్డుకూ సరేనన్నారు. ఇది చదివి కొందరు దీన్ని ఒక ఎత్తుగడలా వాడతారు. ముందు చిన్న పని అడుగు, తర్వాత పెద్దది తగిలించు. నాకు నచ్చదు. జనం పసిగడతారు కూడా. చిన్న పని చిన్నదిగానే పూర్తయిపోవాలి. పెద్దాయనకు నేను రెండో గడి ఇవ్వలేదు, ఆయనే అడిగారు.

అయితే ఈ గళ్ల పద్ధతి మీద నా స్నేహితులే మండిపడ్డారు. "ఇది కళ ఎలా అవుతుంది? మనుషులను కుంచెలుగా వాడుకున్నావు" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. నేను దాటవేయను. నంబరు చూసి రంగు నింపిన మనిషికి బొమ్మలో ఏ పాత్ర ఉన్నట్టు? ఎక్కువ రోజులు వచ్చినవాళ్లకే ముందుగా విసుగు వచ్చింది. ఆలోచన ఉన్నవాళ్లు రెండు గళ్లు వేసి తప్పుకున్నారు. మేం తర్వాత ప్రతి వరుసలోనూ కొన్ని గళ్లు నంబరు లేకుండా వదిలాం, మూడుసార్లు వచ్చినవాళ్లకు అవి ఇచ్చాం. కొంత నయమైంది. పూర్తిగా కాదు. లాస్ ఏంజిలస్‌లో జుడిత్ బాకా అనే చిత్రకారిణి నడిపించిన ‘గ్రేట్ వాల్’ అనే గోడచిత్రం చూడండి. 1976 నుంచి 1983 వరకు ఐదు వేసవులు, 2,754 అడుగుల గోడ, 400 మందికి పైగా యువతీయువకులు. వాళ్లు రంగు మాత్రమే వేయలేదు. చరిత్రకారులు వచ్చి మాట్లాడితే విన్నారు, ఏ సంఘటన గోడ ఎక్కాలో చర్చించారు. అలాంటి పని నంబర్లతో కాదు. దానికి ఏళ్లు పట్టింది. పైగా, ఈ విషయం చాలామంది మర్చిపోతారు, ఆ పిల్లలకు జీతం ఇచ్చారు.

ఊరికే ఎవరు రాగలరు?

జీతం మాట వచ్చింది కాబట్టి అదీ మాట్లాడుకుందాం. అందరూ తప్పించుకునే మాట ఇది.

ఊరికే వచ్చి పని చేయగలిగేది ఎవరు? ఆ పూట కూలి పోయినా ఇల్లు గడిచేవాళ్లు. పిల్లలను చూసుకునే మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు. మనం గోడ మీద "ఇది అందరూ కలిసి వేసిన బొమ్మ" అని రాస్తాం. ఎవరా అందరూ? నా మొదటి గోడ దగ్గర మిగిలిన ఐదుగురినీ తలుచుకుంటే, ఐదుగురికీ తీరిక ఉంది. అంతే తేడా. రానివాళ్లు మాకంటే తక్కువ కళాప్రియులని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

క్రిస్టో, జాన్ క్లోడ్ అనే కళాకార దంపతులు దీన్ని సూటిగా తేల్చేశారు. 2005 ఫిబ్రవరిలో న్యూయార్కు సెంట్రల్ పార్కులో 7,503 కాషాయరంగు తోరణ ద్వారాలు నిలబెట్టారు, 16 రోజుల కోసం. నిలబెట్టినవాళ్లు వందలమంది. వాళ్లకు జీతాలు ఇచ్చారు. ఎవరి విరాళాలూ తీసుకోలేదు, తమ చిత్రాలు అమ్ముకుని ఆ డబ్బుతోనే చేశారు. ఇంకోవైపు జూడీ షికాగో అనే అమెరికన్ కళాకారిణి చేసిన ‘డిన్నర్ పార్టీ’ అనే కళాకృతి ఉంది. 1974 నుంచి 1979 దాకా సుమారు 400 మంది కుట్టుపని చేశారు, పింగాణీ పని చేశారు, పరిశోధన చేశారు. ఎక్కువమంది జీతం లేకుండానే. మూడు కోణాల బల్ల మీద 39 మంది స్త్రీలకు విస్తళ్లు వేసినట్టు ఆసనాలు, కింద నేల మీద ఇంకో 999 మంది పేర్లు. గొప్ప పని. కానీ చరిత్ర మరిచిన స్త్రీల పేర్లు రాసిన ఆ పనికే, దాన్ని చేసిన స్త్రీల పేర్లు ఏవీ అన్న ప్రశ్న ఎదురైంది. ప్రదర్శనతో పాటు సాయం చేసినవారి పేర్ల ఫలకాలు కూడా పెట్టారు, అది నిజం. అయినా పని పేరు చెప్పగానే నోటికి వచ్చేది ఒక్క పేరే. ఇక్కడ కూర్చున్న మీకూ అంతే కదా?

డబ్బు లేదు, కాస్తో కూస్తో ఇద్దామా? ఇక్కడొక గొయ్యి ఉంది, నేను పడ్డాను. గ్నీజీ, రుస్తికినీ అనే ఆర్థిక శాస్త్రజ్ఞులు 2000లో ఒక ప్రయోగం ప్రకటించారు. ఇజ్రాయెల్‌లో స్కూలు పిల్లలు ఇంటింటికీ తిరిగి విరాళాలు వసూలు చేసే రోజు ఉంటుంది. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొందరికి వసూలులో నూటికి ఒక వంతు ఇస్తామన్నారు, ఇంకొందరికి పది వంతులు. ఎవరు ఎక్కువ వసూలు చేశారు? డబ్బేమీ అందనివాళ్లు! తర్వాత పది వంతులవాళ్లు. అందరికంటే తక్కువ ఆ ఒక వంతువాళ్లు. చిల్లర చేతిలో పెట్టగానే అభిమానంతో చేసే పని కాస్తా చవక కూలిపని అయిపోతుంది.

నేనూ ఒకసారి అలా చిల్లర ఇచ్చాను. అంతకుముందు హాయిగా వచ్చినవాళ్లు "ఇంతేనా?" అన్నారు. ఒకరిద్దరు నొచ్చుకున్నారు. ఇప్పుడు పరంజా, కరెంటు, బరువులు ఎత్తడం, వీటికి పూర్తి కూలి ఇస్తాను, బేరం లేదు. గడి వేసేవాళ్లకు కూలి లేదు, కానీ దారి ఖర్చు ఉంది. అది కూడా అడిగినవాళ్లకే ఇస్తామంటే ఎవరూ అడగరు, అవసరం ఉన్నవాళ్లు అసలే అడగరు. అందుకని వచ్చిన ప్రతివారికీ గుమ్మం దగ్గరే కవరు ఇచ్చేస్తాం. అక్కరలేనివాళ్లు వెళ్లేటప్పుడు పెట్టెలో వేసి వెళతారు. ఎవరు వేశారో ఎవరూ చూడరు.

ఇక ఆ మూడో జవాబు. అరగంట నిలబడి వెళ్లిపోయిన ఆవిడ. దీనికి శాస్త్రం ఏమీ చెప్పను, మేం చేసింది చెబుతాను. కుంచె పట్టని మనిషి ఒకరు ఉండాలని నియమం పెట్టుకున్నాం. పని జరిగినంత సేపూ ఆ మనిషి రంగు ముట్టుకోకూడదు. వచ్చినవాళ్లను చూడటమే పని. చిత్రకారులు దీనికి ఒప్పుకోరు. మనిషి తక్కువైన చోట ఒకరిని ఊరికే నిలబెడతారా అంటారు. ఆ ఒక్కరూ లేకపోతే మిగతా పదిమంది ఉండరు.

మాకు ఆ పని చేసిన ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. కొత్తవాళ్లను ఆవిడ "ఏం చేస్తారు?" అని అడిగేవారు కాదు. గుమ్మంలో తటపటాయిస్తున్న మనిషి దగ్గరికి వెళ్లి, "ఈ డబ్బా కాస్త పట్టుకోండి" అని చేతిలో పెట్టేసేవారు. అంతే, ఆ మనిషి ఇక అక్కడివాడు. తర్వాత పాత చొక్కా ఒకటి తెచ్చి తొడిగేవారు, నీళ్లు ఎక్కడ ఉన్నాయో చూపించేవారు, పేరు అడిగి ఇంకొకరికి పరిచయం చేసేవారు. డబ్బాలో చాలాసార్లు ఏమీ ఉండేది కాదని నాకు తర్వాత తెలిసింది. ఖాళీ డబ్బాలు! వాటి కోసమే రెండు పక్కన పెట్టుకున్నారట.

మానేసినవాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పి ముగిస్తాను. మానేస్తారు. పరీక్షలు వస్తాయి, ఉద్యోగాలు మారతాయి, మనసు మారుతుంది. దాన్ని ద్రోహంలా చూడకండి. మానేసిన మనిషికి ఫోను చేసి నిష్ఠూరమాడితే, ఆ మనిషితో పాటు అతని స్నేహితులు కూడా పోతారు. లండన్ టవర్ చుట్టూ ఉన్న కందకంలో 2014లో 888,246 పింగాణీ గసగసాల పూలు నాటారు, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన బ్రిటన్, దాని వలస దేశాల సైనికులు ఒక్కొక్కరికి ఒక్కో పువ్వు. నాటినవాళ్లు వేలమంది వాలంటీర్లు, ఎవరికి కుదిరినప్పుడు వాళ్లు. కాడకు పువ్వు బిగించి నేలలో గుచ్చాలి. ఇవాళ్టి మనిషి రేపు రాకపోయినా ఆ కాడ దగ్గర పని ఆగదు. ఒక్కరు మానేస్తే ఆగిపోయేలా పని పెట్టుకుంటే, తప్పు మానేసిన మనిషిదా, పెట్టుకున్న మనదా?

నాకిచ్చిన సమయం అయిపోయిందని చేయి ఊపుతున్నారు. కాగితం తిప్పనన్నాను, తిప్పను. చీటీలు తెచ్చాను. గుమ్మం పక్కన బల్ల మీద ఉన్నాయి. ఒకటి చదువుతాను. "గురువారం సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర. 112 నుంచి 120 వరకు గళ్లకు సుద్దముక్కతో నంబర్లు వేయాలి. కింది వరుస, కాబట్టి పొట్టివాళ్లయితే నడుము నొప్పి ఉండదు. పక్కన ఇంకొకరు ఉంటారు. రాలేకపోతే బుధవారం లోపు ఒక్క ఫోను చేస్తే చాలు." మొత్తం తొమ్మిది చీటీలు ఉన్నాయి. తొమ్మిదే. మిగతావారికి ఈసారికి పని లేదు, ఏమీ అనుకోకండి.